చోడి ఆకులోంచి డీఎన్ఏ తీసిన పది రోజులు

పోస్టు పెద్దదే. సిగ్నల్ ఉన్న చోట కూర్చుని తీరిగ్గా చదవండి.

మేం ఏడుగురం ల్యాబ్ ట్రైనింగుకి వెళ్లొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి తమ్ముళ్లు, చెల్లెళ్లు మెసేజీలు పెడుతూనే ఉన్నారు. డీఎన్ఏ కళ్లకి కనబడుద్దా, తెలుగు మీడియంలో చదివినోళ్లకి అర్థమవుద్దా, సర్టిఫికెట్ ఇచ్చారా అని. సర్టిఫికెట్ ఇచ్చారు. మిగతా రెండిటికీ జవాబు కొంచెం పొడుగు, అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాం. ఇంకో సంగతి కూడా ఉంది. అది మీ ఊరికీ సంబంధించిందే.

ట్రైనింగు పేరు పెద్దది, పంటల వైవిధ్యం మీద డిగ్రీ విద్యార్థులకి మాలిక్యులర్ జెనెటిక్స్‌లో ప్రాక్టికల్ శిక్షణ. సంగతి మాత్రం చిన్నదే. ఒకే పంటలో ఉన్న రకాలు ఒకదానికొకటి ఎంత దగ్గర, ఎంత దూరం అన్నది పైకి కనబడే రంగు, ఎత్తు, వెన్ను బట్టి కాకుండా లోపల ఉన్న రాతని బట్టి చూడడం. అక్కడ వాళ్లు వరి ఆకులు సిద్ధంగా పెట్టారు. వరి మీద చేస్తే అన్నీ కుదిరి ఉంటాయి, ఫలితం గ్యారంటీ. మేం మా ఊళ్ల చోడి తెస్తామన్నాం. ల్యాబ్ మేడం కాసేపు ఆలోచించి, "చోడి అయితే కష్టపడాలి మరి" అన్నారు. సరే అన్నాం.

చోడి అంటే రాగి అని పల్లపు వాళ్లు చదువుతుంటే వాళ్ల కోసం చెప్తున్నాం. మనం పుట్టినప్పటి నుంచీ అంబలి తాగుతున్నాం కాబట్టి ఇది మన కొండల్లోనే పుట్టిందనుకుంటాం. పుట్టింది తూర్పు ఆఫ్రికా కొండల్లో, ఇథియోపియా, ఉగాండా వైపు. అక్కడి ఆడవాళ్లు, మగవాళ్లు అడవి గడ్డిలోంచి ఏరి ఏరి సుమారు 5 వేల ఏళ్ల కిందట పంటగా మార్చారు. అక్కడి నుంచి మన దేశం చేరి కూడా వేల ఏళ్లయింది. వెయ్యి గింజలు కలిపి తూస్తే 2, 3 గ్రాములు ఉంటాయి. పువ్వు చాలా చిన్నది, తన పుప్పొడితో తనే గింజ కట్టుకుంటది, పక్క మొక్కతో కలవడం తక్కువ. కాబట్టి అవ్వ మంచి వెన్ను ఏరి చూరు కింద వేలాడదీసి దాచిన రకం ఏళ్ల తరబడి అలాగే నిలబడుద్ది. మన ఊళ్లలో ఇన్ని రకాలు మిగలడానికి ఆ పువ్వు గుణం కొంత కారణం. మిగతాదంతా అవ్వల పనే.

దసరా సెలవుల్లో ఐదు ఊళ్లు తిరిగాం. పన్నెండు రకాల ఆకులు తీశాం. ఆకు ఎలా తేవాలో ముందే ఫోన్లో చెప్పారు. మంచు పెట్టె అక్కర్లేదు. ఆకుని వేలెడు ముక్కలు చేసి, పల్చటి కాగితం సంచిలో పెట్టి, దాన్ని సిలికా జెల్ గుళికలున్న జిప్ కవరులో వెయ్యాలి. కొత్త బూట్ల డబ్బాలో చిన్న పొట్లం ఉంటది చూడండి, అదే సరుకు. నీలం గుళికలు తడి పీల్చుకుంటే గులాబీ రంగుకి తిరుగుతాయి, అప్పుడు మార్చాలి. ఒక్క రోజులో ఆకు గలగలలాడేలా ఎండిపోద్ది. అలా ఎండితే లోపలి డీఎన్ఏ చెడదు, నెలల తరబడి ఉంటది. ఇది రాసిపెట్టుకోండి, మన కొండల మీద ఫ్రిజ్ లేకుండా చేయగలిగిన పని ఇది.

నాలుగో ఊళ్లో ఒక అవ్వ దగ్గరికి వెళ్లాం. ఆవిడ దగ్గర ముద్దగా, పిడికిలి మూసినట్టు ఉండే వెన్ను చోడి ఉంది. ఆకుతో పాటు గుప్పెడు గింజలు కూడా ఇమ్మని అడిగాం. ఇవ్వనంది.

"ఇంతకు ముందు ఒకలు జీపులో వచ్చి పట్టుకెళ్లారు బాబూ. రాసుకున్నారు, ఫొటో తీసుకున్నారు. మళ్లీ రాలేదు. ఆ గింజ ఏటయిందో సెప్పలేదు. గింజ ఇవ్వను. ఆకు కావాలంటే తీసుకోండి, ఆకు మేకలూ తింతాయి."

అక్కడ మాలో మాకు చిన్న గొడవ అయింది. ఆకు ఇచ్చింది కదా, తీసుకుని పోదాం, బస్సు టైం అవుతోందని ఇద్దరు. అలా కుదరదు, ఆకులో కూడా గింజలో ఉన్న రాతే మొత్తం ఉంటది, ఆ సంగతి చెప్పకుండా తీసుకుంటే జీపు వాళ్లకీ మనకీ తేడా ఏంటని మిగతావాళ్లు. చివరికి మాలో కువి బాగా వచ్చిన చెల్లి కూర్చుని చెప్పింది. గింజ ఎట్లా మొలవాలి, వెన్ను ఎట్లా మూసుకోవాలి, ఎన్ని రోజులకి పండాలి అన్నదంతా ఒక రాతగా ఆకులోనూ ఉంటది అవ్వా, మేం చదివేది ఆ రాతనే అని.

అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది, "ఆ రాతని నాటితే మొలుస్తదా?"

మొలవదన్నాం.

"అయితే తీసుకోండి" అంది. మేం లేచేలోపు ఇంకోటి అడిగింది. "ఎవరి పేరున రాస్తారు?"

ఆ రెండో ప్రశ్న మేం పది రోజులూ మోశాం. దాని దగ్గరికి మళ్లీ వస్తాం. ముందు ల్యాబ్.

మొదటి రోజు డీఎన్ఏ మాటే లేదు. రంగు నీళ్లు, మైక్రోపిపెట్. ఇంజెక్షన్ సిరంజి లాంటి పనిముట్టు, కానీ ఒక మిల్లీలీటరులో వెయ్యో వంతు కూడా కొలిచి తీస్తది. బొటనవేలుతో నొక్కేటప్పుడు మొదట ఒక ఆగుడు తగులుద్ది, ఇంకా నొక్కితే రెండోది. తీసుకునేటప్పుడు మొదటి దాని దాకానే, వదిలేటప్పుడు రెండో దాని దాకా. ఇంతే రహస్యం. రోజంతా అదే చేయించారు. పట్నం కాలేజీల పిల్లలు కొందరు విసుక్కున్నారు. మాకైతే నారు పీకి కట్ట కట్టే పని కంటే తేలిక.

రెండో రోజు ఆకు నూరడం. చిన్న రోలు, చిన్న రోకలి, పింగాణీవి. అందులో ద్రవ నైట్రోజన్ పోస్తారు, మైనస్ 196 డిగ్రీలు, పొగలు కక్కుద్ది. ఆకు పిండి అయిపోద్ది. తర్వాత సీటాబ్ అనే పద్ధతి. పేరు సబ్బు లాంటి ఒక రసాయనం పేరులోంచి వచ్చింది. డాయిల్ దంపతులు 1987లో రాసిన పద్ధతి, ఇప్పటికీ ప్రపంచమంతా మొక్కల ల్యాబుల్లో అదే నడుస్తోంది. వేడి ద్రావణంలో 65 డిగ్రీల దగ్గర ఆకు పిండిని నానబెడితే కణాల గోడలు, పొరలు విడిపోతాయి. ఆ ద్రావణంలో కలిపే ఒక మందు కుళ్లిన గుడ్డు వాసన కొడతది, ముక్కు మూసుకుని చేశాం. తర్వాత క్లోరోఫాం కలిపి సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే మూడు పొరలు వస్తాయి. అడుగున ఆకుపచ్చ, మధ్యలో తెల్లటి మీగడలా మాంసకృత్తులు, పైన తేట నీరు. డీఎన్ఏ ఆ పై నీటిలో ఉంటది. దాన్ని జాగ్రత్తగా పీల్చి, చల్లటి ఐసోప్రొపనాల్ పోసి, గొట్టాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పాలి.

అప్పుడు కనబడింది. చెల్లి అడిగిన దానికి ఇదే జవాబు, కనబడుద్ది. తెల్లటి నూలు పోగు చిక్కుపడ్డట్టు, జీలుగు చెట్టు పీచులో సన్నటి పోగులా, నీళ్లలో తేలుతూ. ఒక్క పోగు కాదు, లక్షల కణాల డీఎన్ఏ కలిస్తే ఆ మాత్రం కనబడుద్ది. మా బల్ల దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

కాకపోతే మా పన్నెండులో ఐదింటికి తెల్లగా రాలేదు. గోధుమ రంగులో, జిగురుగా వచ్చింది. దసరాకి చోడి వెన్ను పట్టేసి ఉంటది కదా, మాకు దొరికినవి ముదురు ఆకులే. ముదురు ఆకులో పిండి, జిగురు, వగరు పదార్థాలు ఎక్కువ. అవి డీఎన్ఏకి అంటుకుని వదలవు. అది పీసీఆర్‌ని కూడా పని చేయనివ్వదు. మేడం కష్టపడాలన్నది ఇందుకే. ఉప్పు పాళ్లు పెంచి, వగరుని పట్టుకునే పీవీపీ అనే పొడి కలిపి, కడిగి, మళ్లీ కడిగి, రెండు రోజులు అదే పని. నాలుగు బాగుపడ్డాయి. ఒకటి పడలేదు. వచ్చే ఏడాది వెళ్లేవాళ్లకి చెప్తున్నాం, జులైలో నారు మడిలో పది పదిహేను రోజుల లేత ఆకు ఉన్నప్పుడే తీసి సిలికాలో ఎండబెట్టి ఉంచుకోండి.

పీసీఆర్ గురించి క్లాసులో చదివే ఉంటారు, పరీక్షకి ఐదు మార్కుల ప్రశ్న. చేతితో చేస్తే వేరుగా ఉంటది. 94 డిగ్రీల దగ్గర డీఎన్ఏ రెండు పేటలు విడిపోతాయి. సుమారు 55 దగ్గర ప్రైమర్లు, అంటే చిన్న గుర్తు ముక్కలు, తమ చోటు వెతుక్కుని అతుక్కుంటాయి. 72 దగ్గర ఎంజైమ్ కొత్త పేట అల్లుతుంది. మళ్లీ మొదటికి. ఇలా 35 సార్లు. లెక్క ప్రకారం ఒక్క ముక్క 3,400 కోట్లకు పైగా అవ్వాలి, నిజంగా అన్ని రావు, కానీ చూడడానికి సరిపడా వస్తాయి. మేం వాడిన ప్రైమర్లకి యూజీఈపీ అని మొదలయ్యే పేర్లు. ఆ గుర్తులతో చోడికి జన్యుపటం 2007లో అచ్చేసిన జట్టులో ముందున్నది కెన్యా శాస్త్రవేత్త మాథ్యూస్ డిడా. చోడి పుట్టిన వైపు మనిషే చోడికి దారి చూపే గుర్తులు పెట్టాడన్నది మాకు నచ్చింది.

ఆ ఎంజైమ్ కథ కూడా ఇక్కడే చెప్పేస్తాం. అంత వేడిలో చెడకుండా పని చేసే ఆ టాక్ అనే ఎంజైమ్, అమెరికాలో యెల్లోస్టోన్ పార్కు వేడి నీటి ఊటల్లో బతికే ఒక బ్యాక్టీరియాది. పీసీఆర్ ఆలోచన 1983లో కేరీ ముల్లిస్‌కి వచ్చింది, 1993లో నోబెల్ ఇచ్చారు. ఆయన పనిచేసిన కంపెనీ పీసీఆర్ హక్కుల్ని 1991లో 30 కోట్ల డాలర్లకి ఇంకో కంపెనీకి అమ్మింది. ఊట ఉన్న పార్కుకి అందులో పైసా రాలేదు. ఆ నేల పార్కు కాకముందు షోషోన్, క్రో లాంటి ఆదివాసులు తిరిగిన నేల. మేడం ఇది టీ తాగుతూ మామూలుగా చెప్పారు. మాకు టీ దిగలేదు.

ఏడో రోజు జెల్. అగరోజ్ అంటే సముద్రపు నాచు నుంచి తీసిన పొడి, కాచి పోస్తే జున్నులా గడ్డ కడతది. ఒక అంచున దువ్వెనతో గుంటలు పెడతారు. గుంటలో మన డీఎన్ఏ పోసి కరెంటు పెడితే, డీఎన్ఏకి రుణావేశం కాబట్టి ధన ధ్రువం వైపు పరుగెడతది. చిన్న ముక్క ముందు, పెద్ద ముక్క వెనక. మామూలు జెల్‌లో రెండు మూడు అక్షరాల తేడా తెలియదు, అందుకే మా మార్కర్లకి ఇంకా సన్నగా వేరుచేసే పాలీఅక్రిలమైడ్ జెల్ పోయించారు. అది పోసేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి, గడ్డ కట్టకముందు అది నరాలకి విషం.

పదకొండు గళ్లు, ఒక కొలబద్ద గడి. లైటు కింద పెట్టగానే గీతలు. మొదట కంగారు పెట్టింది ఏంటంటే, ఒక్కో మొక్కకి కొన్ని చోట్ల రెండేసి గీతలు వచ్చాయి. పక్క బల్ల కుర్రాడు ఒకడు చూసి, మీ విత్తనం కల్తీ అయినట్టుంది, ఊళ్లలో కలిపేస్తారు కదా అన్నాడు. కల్తీ కాదు. చోడి నాలుగు సెట్ల క్రోమోజోములున్న పంట. ఎప్పుడో రెండు వేరు వేరు గడ్డి జాతులు కలిసి, ఇద్దరి జన్యురాతలూ పూర్తిగా ఉంచుకున్న మొక్క అది. మొత్తం 36 క్రోమోజోములు, ఆ పూర్వీకుల్లో ఒక్కోదాని వైపు నుంచి 18. ఒకే గుర్తు రెండు వైపులా ఉంటే రెండు గీతలు వస్తాయి. మేడం ఇది బోర్డు మీద గీసి చెప్పేదాకా ఆ కుర్రాడి మాట మాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. మన వస్తువులో తెలియనిది ఏదైనా కనబడితే అది లోపమే అనుకునే అలవాటు చాలామందికి ఉంది. మీకూ ఎదురవుద్ది. ఎదురైతే 36 క్రోమోజోముల సంగతి చెప్పండి.

తేలింది ఏంటంటే, రెండు ఊళ్లలో ఒకే పేరున్న 'పెద్ద చోడి' గీతల్లో వేరు వేరుగా వచ్చింది. అవ్వ ఇచ్చిన ముద్ద వెన్ను చోడి, మేం మొదట తిరిగిన ఊరిలో వేరే పేరుతో పిలిచే చోడి, ఈ రెండూ మేం చూసిన ఆరు మార్కర్ల దగ్గరా ఒక్కలాగే ఉన్నాయి. ఆ ఊర్ల మధ్య రెండు కొండలు, ఒక గెడ్డ. ఆరు మార్కర్లంటే చాలా తక్కువ, ఒక్కో రకం నుంచి ఒకే మొక్క, దీంతో రెండూ ఒకటే అని తేల్చేయకూడదని గట్టిగా చెప్పారు. ఒకటే అయ్యుండొచ్చు, ఇంకా చూడాలి అని మాత్రమే అనాలి. మేం అలాగే రాశాం.

ఇప్పుడు పేరు సంగతి. మొదటి రోజే మా సంచుల మీద పేర్లు చెరిపి నంబర్లు వేశారు. ఎఫ్ఎం 1 నుంచి ఎఫ్ఎం 12. చిన్న గొట్టం మీద అంతకంటే పట్టదు, అది వాళ్ల తప్పు కాదు. కానీ పదో రోజు స్లయిడ్లు చేసేటప్పటికి మేం కూడా "ఎఫ్ఎం 9 బాగా వచ్చింది" అనే మాట్లాడుతున్నాం. ఎఫ్ఎం 9 అంటే అవ్వ.

అదే రోజు లైబ్రరీలో చోడి రకాల విడుదల జాబితా చూశాం. అందులో పీఆర్ 202 అని ఒక రకం, గోదావరి అని ఇంకో పేరు. పెద్దాపురం పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది కాబట్టి పీఆర్. దశాబ్దాలుగా ఆంధ్రాలోనే కాదు, బయట కూడా వేశారు. దాని మూలం గడిలో ఏముందో తెలుసా? అరకు లోయ మెట్ట చోడి నుంచి ఏరిన రకం అని. ఇంకోటి, చోడి జన్యురాత మొత్తం చదివి 2017, 2018లలో మొదటిసారి అచ్చేశారు. ఒకటి ఎంఎల్ 365 అనే కర్ణాటక రకానిది. రెండోది పీఆర్ 202ది. అంటే ప్రపంచంలో ఎవరైనా ఈ పూట కంప్యూటర్ తెరిచి చోడి జన్యురాత చదువుతుంటే, అరకు లోయలో ఎవరో అవ్వ ఏరి దాచిన మెట్ట చోడి రాత చదువుతుండొచ్చు. ఆ అవ్వ ఎవరు, ఏ ఊరు, ఏ తెగ, ఆ జాబితాలో లేదు.

దొంగతనం అని మేం అనడం లేదు. ఆ రకం మళ్లీ మన రైతులకీ చేరింది, దిగుబడి ఇచ్చింది. పటాన్‌చెరు ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో చోడి నమూనాలు వేలల్లో ఉన్నాయి, ఊళ్లో పోయిన రకం అక్కడ బతికి ఉండే అవకాశం ఉంది, అది చిన్న విషయం కాదు. జన్యు బ్యాంకుల్లో ప్రతి నమూనాకీ పాస్‌పోర్ట్ డేటా అని ఉంటది, నిజంగా ఆ పేరే. ఏ దేశం, ఏ చోటు, ఎవరు సేకరించారు, ఏ సంస్థ ఇచ్చింది. మాకు నింపమని ఇచ్చిన ఫారంలోనూ అవే గళ్లు. విత్తనం దాచిన మనిషికి గడి లేదు. మనకి కుల ధ్రువీకరణ పత్రం కోసం తాత పేరు, ముత్తాత పేరు అడుగుతారు, చోడికి మాత్రం సేకరించిన సంస్థ పేరు చాలు.

చట్టంలో ఏమీ లేదా అంటే, ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతులు తమ రకాన్ని తమ పేరున, లేదా ఊరంతా కలిసి రిజిస్టర్ చేయించుకోవచ్చు, రైతుకి ఫీజు లేదు. విత్తనం దాచుకోవడం, మళ్లీ వేసుకోవడం, పంచుకోవడం, బ్రాండు వెయ్యకుండా అమ్ముకోవడం హక్కు. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీల్లో కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మీ పంచాయతీలో ఉందో లేదో అడిగి చూడండి. అటవీ హక్కుల చట్టం 2006లో సెక్షన్ 3(1)(కె) చదవండి, జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద మేధో హక్కు సమాజానిదని అందులో ఉంది. మనం ఆ చట్టాన్ని పోడు పట్టా వరకే చదువుతాం. ఒక జాగ్రత్త కూడా. రిజిస్ట్రేషన్‌కి చూసేది పొలంలో కనబడే గుణాలు, మిగతా రకాల కంటే వేరుగా ఉందా, ఒకేలా ఉందా, మారకుండా ఉందా అని. జెల్ ఫొటో పట్టుకెళితే హక్కు పత్రం రాదు.

అవ్వ అడిగిన మొదటి ప్రశ్నకి, రాతని నాటితే మొలుస్తదా అన్న దానికి, మేం చెప్పిన జవాబు నిజమే. కానీ ఇప్పుడు ఆ రాతే చాలు అనే రోజులు వచ్చాయి. మొత్తం రాత చదివి డేటాబేస్‌లో పెడితే గింజ ముట్టుకోకుండానే అందులో పనికొచ్చే జన్యువు వెతకొచ్చు. దీని మీద దేశాలన్నీ ఏళ్ల తరబడి కొట్టుకుని, 2024లో కొలంబియాలోని కాలీ నగరంలో ఒక ఒప్పందానికి వచ్చాయి. అలాంటి రాతల నుంచి లాభపడే కంపెనీలు ఒక నిధికి డబ్బు వెయ్యాలని, అందులో కనీసం సగం ఆదివాసులకి, స్థానిక సమాజాలకి చేరాలని అనుకున్నారు. కంపెనీలు స్వచ్ఛందంగా ఇస్తేనే. 2025 ఫిబ్రవరిలో నిధి తెరిచారు. మన కొండ దాకా ఎప్పుడు వస్తుందో మీరే ఊహించుకోండి.

అందుకని చివరి రోజు మేం ఏడుగురం ఒక కాగితం రాసి మేడం ముందు పెట్టాం. మా పన్నెండు నమూనాల పక్కన ఇంకో నాలుగు గళ్లు కావాలి. ఊళ్లో పిలిచే పేరు, దాచిన ఇంటివాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు, ఎందుకు వాడడానికి ఒప్పుకున్నారు, మిగిలిన డీఎన్ఏ ఏం చెయ్యాలి. ఇంకో వాక్యం, ఊరిని మళ్లీ అడగకుండా వీటి రాత చదివించకూడదు, ఎక్కడా పెట్టకూడదు. మేడం రెండుసార్లు చదివారు. నాలుగు గళ్లకి వెంటనే ఒప్పుకున్నారు, మైనస్ 20 ఫ్రీజర్‌లో మా డబ్బా మీద ఆ కాగితం అతికించారు. ఆ వాక్యం మాత్రం తన చేతిలో లేదని, పైవాళ్లని అడిగి చెప్తానని అన్నారు. ఆవిడ మంచి మనిషి, ఆ మాట కూడా నిజమే అయ్యుంటుంది. జవాబు వచ్చేదాకా డబ్బా తెరవమని రాతపూర్వకంగా ఇచ్చారు.

తిరిగొచ్చాక ఐదు ఊళ్లకీ వెళ్లాం. అవ్వకి జెల్ ఫొటో పెద్దగా ప్రింటు తీయించి ఇచ్చాం. నీ చోడి గీతలు ఇవి, ఫలానా ఊరి చోడి గీతలు ఇవి, ఆరు చోట్లా ఒక్కలాగే ఉన్నాయి, ఎందుకో మాకు తెలీదు అన్నాం. అవ్వ ఫొటో తిరగేసి పట్టుకుని నవ్వింది.

"ఎందుకేటి, అది మా కన్నోరి ఊరు. నన్నిక్కడ ఇచ్చినప్పుడు మా యమ్మ సంచిలో కట్టి ఇచ్చింది. ఇక్కడ వీళ్లు వేరే పేరెట్టారు."

పది రోజులు, మైనస్ 196 నుంచి 94 డిగ్రీల దాకా తిరిగి మేం "ఒకటే అయ్యుండొచ్చు" అని రాసిన చోట ఆవిడ ఒక్క మాటలో ఎందుకో చెప్పింది. మాలో ఇద్దరు ఇప్పుడు అదే పని పెట్టుకున్నారు. ఏ చోడి ఏ కోడలితో ఏ ఊరు నుంచి వచ్చిందో రాయడం, ఆ తర్వాత గీతలతో పోల్చడం. వచ్చే ఇటుకల పండగకి ఊళ్లల్లో విత్తనాలు బయటికి తీసేటప్పుడు అడుగుదామని అనుకుంటున్నారు. మీ ఊళ్లో అవ్వల దగ్గర చోడి, సామ, కొర్ర ఏ పేర్లతో ఉన్నాయో, ఎవరి పుట్టింటి నుంచి వచ్చాయో కామెంటులో రాయండి. గింజ ఫొటో వద్దు, ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే పేరూ వద్దు.

వెళ్లాలనుకునేవాళ్లకి చివరగా. లెక్కలు, మోలారిటీ లెక్కలు ముఖ్యంగా, ముందే చేసుకుని వెళ్లండి. మాకు ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇంగ్లీషు కాదు, అది. ల్యాబ్ మాటలకి మేం తెలుగులో, ఆదివాసీ ఒడియాలో, కువిలో రాసుకున్న నోట్సు ఉంది, అడిగితే పంపుతాం. అమ్మాయిలకి హాస్టల్ వసతి ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఆ ఒక్క వాక్యం గురించి జవాబు ఇంకా రాలేదు. అవ్వ ఊళ్లో సంక్రాంతి దాటాక సభ పెడతామన్నారు, రాత చదివించడానికి ఒప్పుకోవాలా వద్దా అని. మమ్మల్ని వచ్చి రెండు వైపులా చెప్పమన్నారు. ఏం తేలిందో ఇక్కడే రాస్తాం.